పడవ మరమ్మతు పనిముట్లు: ఏది కొనాలి, ఏది చేసుకోవాలి

మాకు పడవ ఉందని తిరుపతిలో ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. "ఎక్కడ నడుపుతావు, పుష్కరిణిలోనా?" అంటారు. వాళ్ళ తప్పేం లేదు. ఇక్కడ తెప్ప అంటే తెప్పోత్సవమే. కానీ 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్ళూరుపేట, తడ, వాకాడు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. వాటి వెంట పులికాట్ సరస్సు, ఇరకం దీవి, కొంత సముద్రపు ఒడ్డు కూడా వచ్చాయి. కాబట్టి మనది ఇప్పుడు పడవలున్న జిల్లానే.

నేను తిరుపతిలో బైకుల షెడ్డు నడుపుతాను. పడవ మా మేనమామది. తడ దగ్గర సరస్సు ఒడ్డున ఉంటుంది. ఫైబర్ పడవ, వెనక అంచుకు బయటినుంచి తగిలించే చిన్న అవుట్‌బోర్డ్ ఇంజను. దాని పక్కనే తాత నాటి చెక్క పడవ ఇంకొకటి. ఆదివారాలు శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వెళ్ళి ఆ రెండింటి బాగోగులు చూడటం నా పని.

మొదట్లో ఒకసారి సరస్సు మధ్యలో ఇంజను ఆగింది. ప్లగ్గు నల్లబడి ఉంటుందని తెలుసు. విప్పబోతే ప్లగ్ స్పానరు నూనె చేతిలోంచి జారి గుళుక్కున నీళ్ళలో పడింది. లోతు నడుముదాకా కూడా లేదు, కానీ అడుగున బురద. అరగంట కాళ్ళతో వెతికినా దొరకలేదు. గెడ వేసుకుంటూ ఒడ్డుకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మామ నా సంచీ బోర్లించి చూశాడు. అందులో గీకే రేకులు నాలుగున్నాయి, సుత్తులు రెండున్నాయి, స్పానరు ఒక్కటీ లేదు. "ఏంది అబ్బయా, పట్టేదాన్ని పారేసుకొని గీకేటివన్నీ దాచిపెట్టుకున్నావే!" అన్నాడు.

ఆ మాట పట్టుకునే ఇప్పుడు నేను పనిముట్లను మూడు కుప్పలు చేస్తాను. నట్టునో బోల్టునో పట్టేవి మొదటి కుప్ప. వీటిని మంచివి చూసి కొనాలి, సొంత తయారీ పనికిరాదు. కోసేవి రెండో కుప్ప. ఉక్కు మంచిదై ఉండాలి, పదును మనమే పెట్టుకోవాలి. గీకేవి, కొట్టేవి, నొక్కేవి, తోడేవి మూడో కుప్ప. వీటిలో చాలావరకు ఇంట్లో, షెడ్డులో, పాత సామాన్ల కొట్లో దొరికే వాటితోనే చేసుకోవచ్చు. అక్కడ డబ్బు పోసి కొన్న వస్తువు కన్నా చేతికి ఒదిగేలా చేసుకున్నదే బాగా పనిచేస్తుంది.

మొదటి అడుగు: షాపుకు పోకముందు పడవ చుట్టూ తిరగండి

చాలామంది ముందు టూల్ బాక్స్ కొని, తర్వాత పని వెతుక్కుంటారు. దాన్ని తిరగేయాలి. ఒక నోటుబుక్కు, ఒక 5 రూపాయల నాణెం తీసుకొని పడవ దగ్గరికి వెళ్ళండి.

నాణెం ఎందుకంటే, ఫైబర్ పడవకు అంతకన్నా చవకైన పరీక్ష లేదు. పొడిగా ఉన్న పడవ ఒంటిని ముందు నుంచి వెనక దాకా, జానెడు దూరానికోసారి నాణెం అంచుతో తట్టుకుంటూ పోండి. పొరలు గట్టిగా అతుక్కుని ఉన్నచోట టంగుమని మోగుతుంది. పొరలు విడిపోయినచోట, లోపల నీరు చేరినచోట మాగిన గుమ్మడికాయను తట్టినట్టు మొద్దుగా వస్తుంది. ఒకటికి రెండుసార్లు తట్టి, చప్పుడు ఎక్కడ మారిందో అక్కడ సుద్దముక్కతో గీయండి. ఆ గీతలన్నీ కలిపితే జబ్బు ఎంతమేర ఉందో తెలుస్తుంది. లోపల అడ్డచెక్కలు ఉన్నచోట కూడా చప్పుడు మారుతుంది, దాన్ని చూసి కంగారు పడకండి.

చెక్క పడవకు నాణెం చాలదు. సన్నని స్క్రూడ్రైవరు మొనతో పలకల చివర్లు, మేకుల చుట్టుపక్కల మెల్లగా నొక్కి చూడండి. గట్టి చెక్క మొనను ఆపుతుంది. పుచ్చిన చెక్క జున్నుముక్కలా లోపలికి రానిస్తుంది.

తర్వాత నట్లు. ఇంజను మీద, బ్రాకెట్ మీద, పడవ మీద ఉన్న ప్రతి నట్టు సైజూ రాసుకోండి. జపాన్ రకం అవుట్‌బోర్డ్ ఇంజన్ల మీద 6 ఎం.ఎం. బోల్టుకు 10 నంబరు స్పానరు, 8కి 12, 10కి 14 పడతాయి. మన హార్డ్‌వేర్ షాపులో కొన్న బోల్టులైతే 8కి 13 నంబరు, 10కి 17 పడటం మామూలే. ఒకే పడవ మీద రెండు రకాలూ కలిసి ఉంటాయి. 12 ఉండాల్సినచోట 13 పెట్టి తిప్పేవాళ్ళే నట్టు మూలలు అరగదీసేది.

ఈ పనికి సరైన కాలం ఎప్పుడంటే, సముద్రం మీదికి పోయే మర, మోటారు పడవలకు తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. ఒడ్డున సుత్తి చప్పుళ్ళు వినిపించేది అప్పుడే. ఎండ కూడా కలిసొస్తుంది. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడతాయి కాబట్టి ఆలోపు పనులన్నీ అయిపోవాలి.

రెండో అడుగు: పట్టేవి, మంచివి కొనాలి

రింగ్ స్పానర్లు 10, 12, 13, 14, 17 కొంటే చిన్న పడవకు ముప్పాతిక పని అయిపోతుంది. ఓపెన్ స్పానరు నట్టును రెండు వైపుల మాత్రమే పట్టుకుంటుంది. రింగు చుట్టూ పట్టుకుంటుంది. ఉప్పునీళ్ళలో నాని బిగుసుకుపోయిన నట్టు దగ్గర ఆ తేడా తెలుస్తుంది. ఒక వైపు రింగు, ఒక వైపు ఓపెన్ ఉండే కాంబినేషన్ రకం తీసుకుంటే రెండూ ఉన్నట్టే. టపారియా లాంటి తెలిసిన కంపెనీవి చాలు. మెరుపు చూసి కొనొద్దు. షాపులోనే ఒక కొత్త బోల్టు అడిగి స్పానరులో పెట్టి అటూ ఇటూ కదిపి చూడండి. లొడలొడలాడితే పక్కన పెట్టేయండి.

స్క్రూ స్పానరు ఒకటి ఉండొచ్చు, కానీ అది ఆఖరి దిక్కు. దాని దవడ ఎప్పుడూ కాస్త వదులుగానే ఉంటుంది. నేనైతే దాన్ని నట్టు విప్పడానికి కాక, రెండో వైపు బోల్టు తల తిరక్కుండా పట్టుకోవడానికే వాడతాను.

ప్లగ్ స్పానరు మీ ఇంజనుకు సరిపోయేదే కొనండి. 21 నంబరు, 16 నంబరు రెండూ వాడుకలో ఉన్నాయి. బైకుది పడుతుందిలే అనుకోకుండా ప్లగ్గును చేతిలో పెట్టుకుని సరిచూడండి. రెండు కొనండి. ఒకటి సంచీలో, ఒకటి పడవలోనే కట్టేసి ఉంచండి. ఎందుకో పైన చెప్పాను.

స్టార్ స్క్రూడ్రైవరు దగ్గర ఒక చిక్కుంది. జపాన్ ఇంజన్ల మీద స్క్రూ తల మామూలు స్టార్ లాగే కనిపిస్తుంది, కానీ దాని గాడి ఆకారం వేరు. మామూలు స్టార్ డ్రైవరు పెట్టి గట్టిగా తిప్పితే పైకి జారి గాడిని తినేస్తుంది. తల మీద చిన్న చుక్క ఉంటే అది జపాన్ రకం అని గుర్తు. దానికి తగ్గ డ్రైవరు దొరక్కపోతే మామూలు దాని మొనను ఆకురాయితో ఒక వెంట్రుకవాసి అరగదీస్తే గాడి అడుగుదాకా కూర్చుంటుంది. పట్టే కుప్పలో నేను మార్పు చేసుకునేది ఇదొక్కటే.

బోల్టుల గురించి ఒక మాట. మొదటి ఏడాది స్టెయిన్‌లెస్ అని చెప్పి ఒక షాపులో అంటగట్టిన బోల్టులు నెల తిరక్కుండా తుప్పు కార్చాయి. "అయస్కాంతం అంటుకోవడం లేదు చూడన్నా" అని అతను చూపించాడు, నేను నమ్మాను. నాసిరకం 202 గ్రేడుకు కూడా అయస్కాంతం అంటుకోదని తర్వాత తెలిసింది. తల మీద ముద్ర చూడాలి. ఏ2 అని ఉంటే 304 గ్రేడు, ఏ4 అని ఉంటే 316. ఉప్పునీటికి ఏ4 కావాలి. స్టెయిన్‌లెస్ నట్టును స్టెయిన్‌లెస్ బోల్టు మీద గ్రీజు లేకుండా పొడిగా బిగిస్తే రెండూ కరుచుకుపోయి ఇక విడవవు. కాస్త గ్రీజు రాసి నెమ్మదిగా తిప్పండి.

మూడో అడుగు: కోసేవి, ఉక్కు కొలిమిది, పదును మనది

చెక్క పడవ ఉంటే ఒక అంగుళం ఉలి, అరంగుళం ఉలి, సన్నపళ్ళ రంపం, చిన్న బాడిశ చాలు. ఫైబర్ పడవకు హాక్సా, ఒక మంచి కత్తి చాలు. లారీ కమాను పట్టీ ముక్క పట్టుకెళితే కొలిమి దగ్గర ఉలి కొట్టిస్తారు. షాపులో దొరికే చవక ఉలి కన్నా నాకు అదే నచ్చుతుంది. పిడికి తుమ్మ కర్ర బాగుంటుంది, దెబ్బకు చీలదు.

పదును పెట్టడానికి సానరాయి లేకపోయినా ఫరవాలేదు. పాత అద్దంముక్క మీద గానీ నున్నని టైలు మీద గానీ 400 నంబరు వాటర్ పేపరు పరిచి, నీళ్ళు చల్లి, ఉలి వాలును దాని మీద ఆనించి రుద్దండి. తర్వాత 800, ఆ తర్వాత 1000. వాలు పొడవు ఉలి మందానికి రెట్టింపు ఉండేలా చూసుకుంటే కోణం 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. కొలమానం ఏమీ అక్కర్లేదు. మందం 4 ఎం.ఎం. అయితే వాలు 8 ఎం.ఎం. అంతే. గ్రైండరు మీద పెడితే మాత్రం జాగ్రత్త. అంచు నీలంగా మారిందంటే ఆ భాగం మెత్తబడిపోయినట్టే. ఆ నీలం పోయేదాకా అరగదీయడం తప్ప వేరే దారి లేదు. రెండు సెకన్లకోసారి నీళ్ళలో ముంచుతూ పెట్టండి.

అరిగిన ఆకురాయిని ఉలిగా వాడేవాళ్ళున్నారు. నేను వద్దంటాను. దాని ఉక్కు గాజులా పెళుసు. దెబ్బకు పెచ్చు లేచి కంటికి తగిలే ప్రమాదముంది.

నాలుగో అడుగు: చేసుకునేవి

అసలు సరదా ఇక్కడుంది.

గీకుడు. పడవ అడుగున గుల్లలు, నాచు పడతాయి. వాటిని గీకడానికి నేను వాడేది అట్లకాడ. నవ్వకండి. స్టెయిన్‌లెస్ అట్లకాడ తుప్పు పట్టదు, కాస్త వంగుతుంది, పిడి పొడవుగా ఉంటుంది. మూలలు రెండూ ఆకురాయితో గుండ్రంగా చేయాలి, లేకపోతే ఫైబర్ పై పూతను గీరేస్తుంది. అంచును పదును చేయొద్దు, తిన్నగా ఉంటే చాలు. గుల్లలను పడవ ఒడ్డుకు లాగిన వెంటనే, తడి మీదే గీకండి. ఎండిపోతే సిమెంటులా బిగుసుకుంటాయి. మిగిలిన నాచుకు కొబ్బరి పీచు, నీళ్ళు చాలు. మామూలు ఇనప వైరు బ్రష్షు మాత్రం ఫైబర్ మీదగానీ స్టెయిన్‌లెస్ మీదగానీ పెట్టొద్దు. దాని ఇనప రజను అక్కడే ఇరుక్కుని వారంలో ఎర్రమచ్చలు తేలుతాయి. ఇత్తడి బ్రష్షో నైలాన్‌దో కొనండి.

కొయ్య సుత్తి. చింతమొద్దు ముక్క దొరికితే అంతకన్నా మంచిది లేదు. మాంసం కొట్టే మొద్దుకు చింత ఎందుకు వాడతారో, ఇక్కడా అందుకే. నారలు అల్లుకుని ఉంటాయి, చీలదు. మొద్దు మధ్య రంధ్రం చేసి పిడి దూర్చి, పిడి తలలో చిన్న చెక్క చీల కొట్టండి. ఉలి పిడి మీద కొట్టడానికి, బిగుసుకున్న ప్రొపెల్లరును కదిలించడానికి ఇదే.

సాండ్ పేపరు పట్టు. పాత హవాయి చెప్పు అడుగును జానెడు ముక్కగా కోసి, దానికి సాండ్ పేపరు చుట్టండి. పడవ వంపుకు చెప్పు తనంతట తాను వంగుతుంది. చేత్తో నేరుగా రుద్దితే వేళ్ళ కింద గుంటలు పడతాయి.

బిగించే క్లాంపులు. 3 అంగుళాల పీవీసీ పైపును అంగుళంన్నర వెడల్పు రింగులుగా కోసి, ప్రతి రింగునూ ఒకచోట తెంచండి. నోరు తెరిచి పెడితే గట్టిగా కరుచుకుంటాయి. అర డజను చేసుకుంటే పడవ అంచుకు రబ్బరు పట్టీ అతికించేటప్పుడు ఇంకో మనిషి అక్కర్లేదు. ఇంకా గట్టి పట్టు కావాలంటే తాడు రెండు చుట్లు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పండి. సైకిల్ ట్యూబు చీలికలు కూడా సంచీలో ఉండాలి. వంకర చోట్ల అతుకు ఆరేదాకా చుట్టి లాగిపెట్టడానికి వాటికి మించినవి లేవు.

నీళ్ళు తోడే డబ్బా. 5 లీటర్ల ఇంజన్ ఆయిల్ డబ్బాను మూత బిగించే ఉంచి, అడుగు భాగాన్ని ఏటవాలుగా కోసేయండి. పిడి ఎలాగూ ఉంది. ఫైబర్ పడవ అడుగుకు ఒరుసుకుని ఆఖరి గుక్కెడు నీళ్ళు కూడా ఎత్తుతుంది.

చెక్క పలకల సందులు కూరే ఉలి. ఇది చెక్క పడవలున్న వాళ్ళకే. కమాను పట్టీతోనే కొట్టించండి. రెండంగుళాల వెడల్పు, మొన దగ్గర 2 నుంచి 3 ఎం.ఎం. మందం. దీనికి పదును ఉండకూడదు. ఉంటే సందులో కూరే నూలును తెంపేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే మొదటి తప్పు ఇదే, మంచి ఉలి తెచ్చి నూలు కూరడం. నగరి, పుత్తూరు మరమగ్గాల దగ్గర మిగిలే నూలు వేస్టు తుడుపుగుడ్డకు బంగారం. కూరడానికైతే పొడుగు పోగులే ఏరుకుని, వదులుగా పేని వాడాలి. దాని మీద నూనెలో కరిగించిన గుగ్గిలం. కరిగించేది ఆరుబయట, పడవకు దూరంగా.

మేకులే లేని పడవలు కూడా ఈ తీరంలో ఉండేవి. మాసుల పడవల పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. అలలు కొట్టినప్పుడు పలకలు కదిలి సర్దుకునేవి కానీ విరిగేవి కావు. ఆ కుట్టుపనికి ఏ ఫ్యాక్టరీ పనిముట్టూ వాడలేదు.

గాలి బుడగల రోలరు. ఫైబర్ అతుకు వేసేటప్పుడు మ్యాట్‌లో, అంటే గాజు నార పరుపులో, ఇరుక్కున్న గాలిని బయటికి తోయడానికి గాళ్ళున్న ఇనప రోలరు అమ్ముతారు. మన వైపు ప్రతి షాపులో దొరకదు. నేను చేసుకున్నది ఇలా: 6 ఎం.ఎం. కడ్డీ ఒక అడుగున్నర తీసుకొని, ఒక చివర మూడంగుళాల దగ్గర ఎల్ ఆకారంలో వంచాను. ఆ పొట్టి కాలు చివర మరలు కోయించాను. తర్వాత 6 ఎం.ఎం. బోల్టుకు పట్టే పెద్ద వాషరు ఒకటి, చిన్న వాషరు ఒకటి, మళ్ళీ పెద్దది, మళ్ళీ చిన్నది. ఇలా 20 జతలు ఎక్కించాను. పెద్దది 18 ఎం.ఎం., చిన్నది 12 ఎం.ఎం. వెడల్పుంటాయి. 20 జతలకు రెండున్నర అంగుళాల రోలరు తయారవుతుంది. చివర రెండు నట్లు ఒకదాని మీద ఒకటి బిగించాను, వాషర్లు మాత్రం వదులుగా తిరుగుతూ ఉండాలి. పొడుగు కాలుకు పాత బైకు హ్యాండిల్ గ్రిప్పు తొడిగాను. తడి మ్యాట్ మీద దొర్లిస్తే పెద్ద వాషర్లు నొక్కుతాయి, చిన్న వాషర్ల దగ్గరి సందుల్లోంచి గాలి చిటచిటమంటూ బయటికొస్తుంది. పని అయిన నిమిషంలోనే అసిటోన్ అనే కరిగించే ద్రవంలో ముంచి కడగాలి. మ్యాట్‌కు పట్టించే జిగురు, అదే రెజిన్, ఒక్కసారి ఆరిపోతే ఇక అది గద.

ఐదో అడుగు: వీటితోనే ఒక పగులు బాగుచేయడం

పడవను ఒడ్డుకు లాగేటప్పుడు కింద సరుగుడు దుంగలు వేసి దొర్లించండి. మన తీరంలో సరుగుడుకు కరువు లేదు. ఒడ్డున బోర్లించడానికి పాత లారీ టైర్లు రెండు. ఇటుకల మీద మాత్రం నిలబెట్టొద్దు. ఒక్క ఇటుక పగిలినా కింద మీ చెయ్యి ఉండొచ్చు.

మంచినీళ్ళతో కడిగి, రెండు మూడు రోజులు ఎండనివ్వండి. సాండింగ్‌కు ముందే అసిటోన్ గుడ్డతో నూనె జిడ్డు తుడవండి. తర్వాత తుడిస్తే సాండింగు జిడ్డును లోపలికి తోసేసి ఉంటుంది. పగులు చుట్టూ నాణెం మొద్దుగా మోగినంత మేరా కోసి తీసేయండి. ఇప్పుడు 40 నంబరు సాండ్ పేపరుతో అంచులను ఏటవాలు చేయాలి. వాలు పొడవు మందానికి 12 రెట్లు. పడవ మందం 5 ఎం.ఎం. అయితే చుట్టూ 60 ఎం.ఎం., అంటే దాదాపు మూడు వేళ్ళ వెడల్పు. ఇంత ఎందుకని అందరికీ అనిపిస్తుంది. అతుకు బలమంతా ఆ వాలులోనే ఉంది. ముక్కుకు మంచి మాస్కు, ఫుల్ చేతుల చొక్కా, కళ్ళద్దాలు తప్పనిసరి. ఫైబర్ ధూళి ఒంటికి అంటితే రాత్రంతా దురదే, ఊపిరితిత్తుల్లోకి పోతే దురదతో పోదు.

చదరపు మీటరుకు 450 గ్రాములుండే మ్యాట్ ఒక్కో పొర దాదాపు ఒక ఎం.ఎం. మందం ఇస్తుంది. 5 ఎం.ఎం.కు ఐదు పొరలు. చిన్నది అడుగున, ఒక్కోటీ కాస్త పెద్దదిగా పైకి. మా మామ పద్ధతి ఇది. మ్యాట్ ముక్కలన్నీ కోసి తూకం వేయండి. దానికి రెండు నుంచి రెండున్నర రెట్లు రెజిన్ పడుతుంది. కూరగాయల త్రాసు చాలు.

రెజిన్‌ను గట్టిపరిచే హార్డనరు దగ్గరే అందరూ బోల్తా పడతారు. మూతతో కొలవొద్దు. మందుల షాపులో 5 ఎం.ఎల్. సిరంజి కొనండి. రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం హార్డనరు. 200 గ్రాముల రెజిన్‌కు 1 శాతమంటే 2 గ్రాములు, సిరంజిలో 2 ఎం.ఎల్. లోపే. మన ఎండకు 1 శాతం దగ్గరే ఉండండి. అంతకంటే తగ్గిస్తే సరిగ్గా ఆరదు. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించడం ఇంకా మేలు. కలిపిన రెజిన్‌ను లోతైన డబ్బాలో ఉంచొద్దు. ముద్దగా ఉంటే తనే వేడెక్కి పొగలు కక్కుతుంది. వెడల్పాటి పళ్ళెంలో పోసుకోండి. పొరలన్నీ ఒకేసారి వేయకుండా మూడు వేసి, వేడి తగ్గాక మిగతా రెండు.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. కొన్ని రెజిన్లకు హార్డనరు కాక కోబాల్ట్ అనే ఊదారంగు ద్రవం కూడా విడిగా ఇస్తారు. ఆ రెండూ ఒకదాంతో ఒకటి నేరుగా కలిస్తే పేలుతుంది. కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డనరు. ఒకే సిరంజిని రెండింటికీ వాడొద్దు. కొనేటప్పుడే కోబాల్ట్ కలిపి ఉందా లేదా అని అడిగి డబ్బా మీద రాసుకోండి. హార్డనరు చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం కూడా ఉంది, కళ్ళద్దాలు అందుకే తీయొద్దన్నాను. పొరపాటున పడితే వెంటనే మంచినీళ్ళతో కడుగుతూనే ఆసుపత్రికి.

ఆఖరి పొర మీద పలచని ప్లాస్టిక్ షీటు పరిచి, చెప్పుముక్కతో నునుపుగా నొక్కండి. గాలి తగిలితే పైపొర జిగటగానే ఉండిపోతుంది. ఆరాక షీటు లాగేసి, 80 నుంచి మొదలుపెట్టి సాండింగ్.

చేసుకోకూడనివి

ప్రొపెల్లరులో ఉండే షియర్ పిన్ను రాయి తగిలితే విరగాలనే మెత్తగా చేస్తారు. అది విరిగినప్పుడు మేకు ముక్కో గట్టి బోల్టో దూర్చేవాళ్ళున్నారు. ఈసారి విరిగేది గేరు. అసలు పిన్నులు రెండు, స్ప్లిట్ పిన్నులు నాలుగు సంచీలో పడేయండి.

పెట్రోలు గొట్టాన్ని బైండింగ్ వైరుతో కట్టొద్దు, కోసేస్తుంది. దానికి క్లిప్పు అమ్ముతారు. మంచినీళ్ళ సీసాల్లో పెట్రోలు పోయొద్దు. రింగ్ స్పానరుకు పైపు తొడిగి బలం పెంచడం నా షెడ్డులో నేనూ చేస్తాను, కానీ అల్యూమినియం ఇంజను బాడీలో బిగుసుకున్న 6 ఎం.ఎం. బోల్టు మీద వద్దు. తల తెగి చేతిలోకొస్తుంది, మిగతాది లోపలే. డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున ముందు ఒక పిసరు బిగించి, తర్వాత విప్పండి. ఆ చిన్న బిగింపే తుప్పును చిట్లిస్తుంది.

ఇంజను కింద ఉండే అనోడు ముక్కకు పెయింటు వేయొద్దు. ఇంజను బదులు తాను అరిగిపోవడమే దాని పని. పెయింటు వేస్తే ఆ పని ఆగుతుంది.

ఆఖరి అడుగు: సంచీ

పెయింటు బకెట్టు అడుగున నాలుగు రంధ్రాలు చేస్తే నీరు నిలవని టూల్ బాక్స్. ప్రతి స్పానరుకూ తాడు, తాడు రెండో చివర పడవకు. సాధ్యం కానిచోట తాడుకు మూత బిగించిన ఖాళీ అరలీటరు సీసా కట్టండి. అది అర కిలో దాకా తేలుస్తుంది, ప్లగ్ స్పానరు అంత ఉండదు. పాత స్పీకరు లోపలి అయస్కాంతాన్ని తాడుకు కట్టి పడవలో ఉంచాం. నేను పారేసుకున్న స్పానరు దానికీ దొరకలేదు. ఎవరిదో పాత గాలం, రెండు మేకులు దొరికాయి.

ఇంటికొచ్చాక పనిముట్లన్నీ మంచినీళ్ళలో కడిగి, ఎండలో ఆరబెట్టి, ఇంజన్ ఆయిల్ గుడ్డతో తుడవండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ముద్దచేసి మూల పడేయొద్దు, వాటంతట అవే అంటుకుంటాయి. పరిచి ఆరేయండి. తుప్పు అప్పటికే మొదలైతే చింతపండు పులుసులో ఒక రాత్రి నానబెట్టి, పొద్దున ఇత్తడి బ్రష్షుతో రుద్ది, వెంటనే కడిగి ఆరబెట్టి నూనె పట్టించండి. ఇదంతా మా ఇంట్లో పెరట్లోనే జరుగుతుంది. మొదటి అట్లకాడ నా సంచీలోకి పోయిన నెలలోనే అమ్మ రెండోది కొన్నది.